వంతెన పేజీ

కోరాపుట్
24-10-1956

కమలత్తకి,

అమ్మణ్ణి నమస్కారాలు. మా బస్సు ఘాటీలో రెండు గంటలు మొరాయించింది తప్ప ఇంటికి సుఖంగానే చేరాం. ఇక్కడ అప్పుడే చలి. నాన్నగారు మఫ్లరు పైకి తీశారు. తీసిన తేదీ డైరీలో రాసుకున్నారు కూడా.

నాకిక్కడ ఏమీ తోచడం లేదత్తా. బీయే అయి అయిదు నెలలైంది. పొద్దున్న లేచి ఎదురుగా ఉన్న కొండను చూస్తాను, సాయంత్రం మళ్ళీ ఆ కొండనే చూస్తాను. ఇలా అయితే పిచ్చెక్కుతుందని ఒక పని పెట్టుకున్నాను. మొన్న బాబాయి ఇంట్లో మీ అందరితో గడిపిన దసరా సెలవుల మీద ఒక పుస్తకం చేస్తున్నాను. రాయడం కాదు, చేయడం. విశాఖపట్నం హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి దగ్గర ఇలాంటిది చూశాను. మన జయపురం ఎస్టేటు పాత పటాలు నాన్నగారి పెట్టెలో బోలెడు పడి ఉన్నాయి కదా, వాటి వెనకవైపు దళసరిగా, తెల్లగా ఉంది. ఆ కాగితాన్ని పేజీలుగా కోసి కుట్టాను. ఒక్కో పేజీకి మూడు నాలుగు పొరలు. మజ్జిగౌరమ్మ గుడి పేజీలో అడుగున ఎర్ర కాగితం, దానిమీద కత్తిరించిన అట్ట గుడి, దానిమీద తగరం. గుడి తలుపులు తెరుచుకుంటాయి! లోపల నువ్విచ్చిన కుంకుమ పొట్లం. దసరా వేషాల పేజీలో పులివేషగాడి తోక పైకెత్తితే కింద తమ్ముడు భయపడి ఏడుస్తూ ఉంటాడు.

చిక్కల్లా నాన్నగారితోనే. ఎస్టేటు పోయి నాలుగేళ్ళయినా ఆయనలోంచి ఎస్టేటు రికార్డు ఆఫీసు పోలేదు. "ఇంట్లో పుస్తకమన్నాక పుటల సంఖ్య ఉండాలి" అని ఊదారంగు పెన్సిలుతో ప్రతి పేజీకీ అంకె వేసి, పక్కన అ.ప. అని పొడి సంతకం పెట్టారు. మొదటి పేజీలో "ఇందు ఇరువది నాలుగు పుటలు గలవు" అని ధ్రువీకరణ! పేజీ పూర్తికాగానే తన డైరీతో సరిచూస్తారట. నేను సెలవులను అంటిస్తున్నానో, భూముల సర్వే చేస్తున్నానో నాకే తెలియడం లేదు.

నాకు కావలసినవి రాస్తున్నాను. నీ దగ్గర పాత చీరల అంచు ముక్కలు, తగరం ఉంటే పంపు. బాబాయి పెరటి గదిలో అద్దెకుంటున్న డ్రాయింగు మాస్టారు మల్లేశ్వరరావుగారిని అడిగి నాలుగు నిగనిగలాడే రంగు కాగితాలు ఇప్పించు.

ఒక చిన్న సందేహం కూడా తీర్చు. ఇప్పుడు పదకొండో పేజీ చేస్తున్నాను. పదిహేనో తేదీ, దశమి మర్నాడు, మేమంతా వేలాడే వంతెన దగ్గరికి వనభోజనానికి వెళ్ళిన రోజు. నువ్వు ఏకాదశి ఉపవాసం, ఇంట్లో జపం చేసుకుంటానని రాలేదు. నాన్నగారి డైరీలో ఆ రోజు కింద ఇలా ఉంది: "మజ్జిగ కుండ మరచితిమి. పన్నెండు గంటలకు గున్నయ్య బండి తోలుకుని ఇంటికి పోయి వచ్చెను. ఇంటికి తాళము వేసియున్నదట." తాళం ఏమిటత్తా? నువ్వు లోపలే ఉన్నావు కదా?

సాలూరు నుంచి మీ బావగారు మళ్ళీ రాశారు. పోయిన తమ్ముడి భార్య తమ ఇంట ఉండడమే ధర్మమట. వాళ్ళావిడ మంచం పట్టింది, వంటకు మనిషి లేదు. ధర్మం గుర్తుకు రావడానికి కారణం అదీ! నాన్నగారు చదివి, "కమల మర్యాదగా ఉన్నంతకాలం రాయగడలో తమ్ముడి దగ్గరే ఉంటుంది" అన్నారు. జవాబింకా రాయలేదు.

నీ
అమ్మణ్ణి


రాయగడ
28-10-1956

చి. అమ్మణ్ణికి కమలత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. అడిగినవన్నీ ఈ పొట్లంలో ఉన్నాయి. జరీ అంచు మీ నాయనమ్మది, చూసి వాడు. ఉత్త మైదా జిగురు పెట్టకు, పురుగు తినేస్తుంది. ఉడికేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వెయ్యి. పిల్లాడి చేతికి అందనివ్వకు, అది విషం.

నీ పుస్తకం సంగతి చదువుతుంటే అంట్లు తోముతున్న బుల్లమ్మ విని, "ఏటమ్మగోరూ, కాయితం మీద కాయితం అంటించడానికి బీయే సదవాలేటి? మా గున్నాపురంలో గోడల మీద పేడ అంతకంటే బాగా అంటిస్తాం" అంది. నేను నవ్వేను గాని నీకు కోపం వస్తుందేమో.

తాళం సంగతి. ముందు గుమ్మానికి తాళం వేసుకుని పెరట్లో తులసికోట దగ్గర జపం చేసుకున్నాను. ఒంటరిగా ఉన్నప్పుడు అలాగే చేస్తాను. గున్నయ్య పిలిస్తే వినబడలేదు. ఇందులో పుస్తకంలో అంటించాల్సింది ఏమీ లేదు. ఆ పేజీలో నా పేరే అక్కర్లేదు. నేను వంతెన దగ్గరికి రానేలేదు కదా.

సాలూరు ఉత్తరానికి అన్నయ్య ఏం జవాబు రాసేడో తెలిస్తే నాకు రాయి.

ఆశీస్సులతో
కమలత్త


కోరాపుట్
1-11-1956

కమలత్తకి,

పొట్లం అందింది. జరీ అంచును సన్నగా పేలికలు చేసి ఏటి నీళ్ళ మీద ఎండలా అతికించాను. నువ్వు చూస్తే తిడతావు, తరవాత మురిసిపోతావు. ఇవాళ్టినుంచి ఆంధ్రప్రదేశ్ అట. పోస్టాఫీసు దగ్గర మన తెలుగువాళ్ళు మిఠాయి పంచారు. మనం సరిహద్దుకి ఇటువైపే ఉండిపోయాంగా, మీకెందుకు సంబరం అని అడిగితే మిఠాయి ఎటువైపైనా మిఠాయే అన్నారు.

అత్తా, నేను వదలనని నీకు తెలుసు. గున్నయ్య ఆ రోజు ఏటి దగ్గరికి ఖాళీ చేతులతో వచ్చి నాతోనే అన్నాడు: "ముందు గుమ్మం కాడా కేకేసాను, దొడ్డిగుమ్మం కాడా కేకేసాను పాపగోరూ, గోడెక్కి తొంగి కూడా సూసేను. పిట్ట నేదు." అప్పుడు నాకు మజ్జిగ లేదన్న బాధే తప్ప ఇంకేమీ తట్టలేదు. ఇప్పుడు పేజీ చేస్తూంటే తడుతోంది. తులసికోట దొడ్డిగోడ పక్కనే ఉంది. గోడెక్కినవాడికి కనిపించకుండా నువ్వు జపం ఎక్కడ చేశావు?

ఇంకొకటి. నువ్వు పంపిన ఆకుపచ్చ కాగితం వెనకవైపు పెన్సిలుతో లీలగా ఒక బొమ్మ ఉంది. తెల్లచీర కట్టుకున్న ఆవిడ, వీపు ఇటు తిప్పి కిటికీ దగ్గర కూర్చుని ఉంది. బాగా గీశారు మల్లేశ్వరరావు మాస్టారు. ఎవరది?

ఊరికే అడుగుతున్నాను.

అమ్మణ్ణి


రాయగడ
5-11-1956

అమ్మీ,

ఊరికే అడిగేవాళ్ళు ఇన్ని అడగరు. ముందు నాకు ఒకటి చెప్పు. ఇవి నీ ప్రశ్నలా, అన్నయ్య నీచేత అడిగిస్తున్నవా? డైరీ ఆయనది, పెన్సిలు ఆయనది, పేజీకి సంతకం ఆయనది. నా అనుమానం నాకుంది.

సరే విను. పక్కింటి సూర్యకాంతమ్మ పిలిస్తే అప్పడాల పిండి కలిపి పెట్టడానికి వాళ్ళింటికి వెళ్ళేను. అందుకే తాళం. జపం అని చెప్పి పక్కింటికి పోయేనంటే మీ బాబాయి నొచ్చుకుంటాడని పెరడన్నాను. ఆ బొమ్మ ఎవరిదో ఆయన్నే అడగాలి, నాకేం తెలుసు. కాగితాలు అడిగేవు, తెచ్చేను.

అమ్మణ్ణీ, నీకు ఇది తోచక ఆడే ఆట. నాకు కాదు. సాలూరులో నేను ఏడాదిన్నర ఉన్నాను. ఆయన పోయేక ఆ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. "ఒసే" అంటే నేను పలికేదాన్ని. నేను మాట్లాడిన మాట నాకే వినబడి ఉలిక్కిపడిన రోజులున్నాయి. ఇక్కడ మీ పిన్ని నన్ను వదినా అంటుంది, పిల్లలు అత్తా అంటారు, బుల్లమ్మ నాతో దెబ్బలాడుతుంది. ఇది పోగొట్టుకోలేను. "మర్యాదగా ఉన్నంతకాలం" అన్న మాట నీ ఉత్తరంలో చదివిన రోజునుంచి నాకు అన్నం దిగడం లేదు. ఆ పేజీ వదిలేసి తరవాత పేజీ చేసుకో.

కమలత్త


కోరాపుట్
9-11-1956

కమలత్తకి,

నాన్నగారు అడిగిస్తున్నవి కావు. ఒట్టు. నాకు కళ్ళున్నాయి, అంతే.

వంతెన దగ్గర తీయించిన ఫోటో నా ముందే ఉంది. మనుషుల్ని ఒక్కొక్కరినే కత్తిరించి, దారంతో అల్లిన వంతెన మీద నిలబెడుతున్నాను. ఎడమనుంచి నాలుగో మనిషి, చేతిలో క్యారియరు పట్టుకుని నవ్వుతున్నావిడ, సూర్యకాంతమ్మగారు! పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాతోనే ఉన్నారు. ఆవిడ లేకుండా వాళ్ళింట్లో పిండి ఎవరికోసం కలిపావత్తా?

ఆ రోజు ఇంకెవరు రాలేదో లెక్కపెట్టాను. వస్తానని ముందురోజు దాకా అని, తెల్లవారేసరికి రాని మనిషి ఒక్కరే. మల్లేశ్వరరావు మాస్టారు. కారణం ఎవరూ చెప్పలేదు. కిటికీ దగ్గర తెల్లచీర ఆవిడ బొమ్మ. నువ్వు మార్చి మార్చి చెప్పిన రెండు మాటలు.

నాకు అర్థమైంది. నువ్వు భయపడకు. నేను సాలూరువాళ్ళలాంటి దాన్ని కాదు. నీకు ముప్ఫై నాలుగేళ్ళు, ఆయన మంచివాడు, చట్టం అడ్డురాదు. మన ఇళ్ళల్లో ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. నీ పక్షాన మొదట నిలబడేది నేనే. ఈ మాట ఇక్కడ ఎవరితోనూ అనలేదు. వంతెన పేజీలో నీళ్ళ కాగితం ఒక పక్క అంటించకుండా మూతలా వదిలాను. అది పైకెత్తితే కింద, చిన్న అక్షరాలతో, ఆ రోజు నిజంగా జరిగింది రాసి పెట్టాను. ఎప్పుడో నువ్వు సుఖంగా ఉన్న రోజున మనిద్దరం కలిసి ఆ మూత ఎత్తుదాం.

నీ
అమ్మణ్ణి


రాయగడ
13-11-1956

అమ్మణ్ణికి,

ఏం అర్థమైంది నీకు? ఏం రాసేవు? ఈ ఉత్తరం అందిన క్షణాన ఆ కాగితం చించి పొయ్యిలో వెయ్యి.

మల్లేశ్వరరావు ఆ రోజు గున్నాపురంలో పెళ్ళిచూపులకి వెళ్ళేడు. కుదురుతుందో లేదోనని ఎవరికీ చెప్పలేదు. కుదిరింది. మాఘంలో ముహూర్తం. నిన్న మీ బాబాయికి శుభలేఖ నమూనా చూపించేడు. ఆ బొమ్మ వాళ్ళమ్మది. బడిపిల్లలకి గీయడం నేర్పడానికి ఎక్కడ కాగితం దొరికితే అక్కడ అదే బొమ్మ గీస్తాడు. ఆయన నాతో ఇప్పటికి మాట్లాడినవన్నీ కలిపినా పది మాటలుండవు. అందులో నాలుగు మంచినీళ్ళు కావాలనే.

నీ చదువు నీకు ఇదా నేర్పింది? ఆడది ఇంట్లో లేకపోతే మగాడి దగ్గరే ఉండి తీరాలా? గున్నయ్య కూడా అంత దూరం పోలేదు. పిట్ట లేదన్నాడు, ఊరుకున్నాడు.

చించేనని వెంటనే కార్డు రాయి.

కమలత్త


కోరాపుట్
18-11-1956

కమలత్తా,

నన్ను ఎంత తిట్టినా పడతాను. నీ ఉత్తరం పదహారున వచ్చింది. ఆ మూత నాన్నగారు పదిహేనున ఎత్తారు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆయన భోజనం చేసి పుస్తకం ముందేసుకున్నారు. ఒక చేత్తో డైరీ, ఒక చేత్తో పెన్సిలు. పదో పేజీ దాకా టిక్కులు పెట్టారు. నీళ్ళ కాగితం అంచు కనిపించదులే అనుకున్నాను. ఆయన పటాల మనిషి అత్తా! ముప్ఫై ఏళ్ళు అతుకు కాగితాల కింద పాత సరిహద్దులు వెతికిన మనిషి. వేలితో తడిమి, "ఇక్కడ జిగురు లేదే" అన్నారు. గోటితో ఎత్తారు. చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు.

"ఇది ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను."

"అనుకున్నది రికార్డులో ఎందుకు రాశావు?"

"ఇది రికార్డు కాదు నాన్నా, సెలవుల పుస్తకం."

"అంకె వేశాను, సంతకం పెట్టాను. తాళం సంగతి నా డైరీలోనే ఉంది. నాకే తట్టలేదు, నీకు తట్టింది. నేను గుడ్డివాణ్ణి."

అమ్మ వంటింట్లోంచి, "ఏవిటండీ, ఏవిటి?" అని వచ్చింది. ఆయన పుస్తకం మూసి బీరువాలో పెట్టి తాళం వేశారు. మర్నాడు నీ ఉత్తరం రాగానే దాన్ని ఆయన చేతికిచ్చి, మాస్టారి పెళ్ళి కుదిరిందట, నేను రాసింది శుద్ధ తప్పు అని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "సరే, మాస్టారు గున్నాపురంలో ఉన్నాడు. మరి ఈవిడ ఎక్కడుంది?" అన్నారు. ఆ ఉత్తరంలో కూడా నువ్వు ఎక్కడున్నావో రాయలేదు కదా. అది ఆయన కనిపెట్టారు. నువ్వు ముందు చెప్పిన రెండు జవాబులూ మూత కింద నేనే రాసి ఉంచాను. "పెరడంది, పక్కిల్లంది, ఇప్పుడు అసలే చెప్పడం లేదు" అన్నారు.

సాలూరుకి ఉత్తరం రాసి పెట్టుకున్నారు, ఇంకా పోస్టులో వేయలేదు. డిసెంబరు రెండో తేదీన తనే రాయగడ వచ్చి నిన్ను అక్కడ దింపుతారట.

అత్తా, నాకు చెప్పు. ఏదైనా సరే. ఆ రోజు నువ్వు ఎక్కడున్నావు?

అమ్మణ్ణి


రాయగడ
22-11-1956

అమ్మణ్ణికి,

రైలెక్కేను. అంతే.

పెళ్ళయి సాలూరు వెళ్ళినప్పుడు రైల్లో మధ్యలో కూర్చోబెట్టేరు, ఇటు అత్తగారు, అటు పెట్టె. ఆయన పోయి తిరిగి వచ్చినప్పుడు ముసుగేసుకుని పెట్టె పక్కన నేల మీద కూర్చున్నాను. రెండుసార్లూ బయట ఏముందో చూడలేదు. మీ బాబాయి ఇంటికొచ్చి పదమూడేళ్ళు. పొద్దుటి బండి కూత విని ఎసరు పెడతాను, మధ్యాహ్నం బండి కూత విని అంట్లు వేస్తాను. ఆ బండి ఎటుపోతుందో ఎప్పుడూ చూడలేదు.

ఆ రోజు మీ అందరికీ పులిహోర, పెరుగన్నం క్యారియర్లలో సర్దేను. ఏకాదశి గనక నాకు వండుకునే పని లేదు. ఏడాదిలో అలాంటి రోజులు ఇరవై నాలుగు వస్తాయి గాని ఇల్లంతా ఖాళీ అయింది ఆ ఒక్కరోజే. జపానికి కూర్చున్నాను. కూర్చున్నదాన్ని లేచి తాళం వేసి స్టేషనుకి నడిచేను. ఎందుకని అడగకు, నాకు తెలియదు.

టిక్కెట్లిచ్చే ఆయన "ఎక్కడికమ్మా?" అన్నాడు. "తరవాతి స్టేషనుకి." "సింగపూర్ రోడ్డా? అక్కడ ఎవరున్నారు?" "ఎవరూ లేరు." "మరి తోడెవరు?" "ఎవరూ లేరు." నన్ను ఎగాదిగా చూసేడు, మీ నాన్న చూసినట్టే. టిక్కెట్టు మాత్రం ఇచ్చేడు.

కిటికీ పక్కన కూర్చున్నాను. ఎదురుగా అల్లం గంపతో ఒక కొండావిడ. తన భాషలో ఎక్కడికని అడిగింది. నేను వేలితో ముందుకి చూపించేను. అదే సమాధానమన్నట్టు తలూపి నాకో సీతాఫలం ఇచ్చింది. పండే కదా, తిన్నాను. గింజలు కిటికీలోంచి ఉమ్మేను. నా జన్మలో అలా ఉమ్మలేదు. సింగపూర్ రోడ్డులో దిగి బెంచీ మీద కూర్చున్నాను. తిరుగు బండి వచ్చేదాకా నన్ను మంచినీళ్ళడిగిన మనిషి లేడు.

తిరిగి వస్తుంటే బండి ఏటి పక్కనుంచి వచ్చింది. మీరంతా తిని చెట్ల కింద పడుకున్నారు. నువ్వు మొహం మీద పుస్తకం బోర్లించుకుని ఉన్నావు. మీ నాన్న ఒక్కడే లేచి ఉన్నాడు. పెద్ద రాయి వెనకాల, మీకెవరికీ కనబడకుండా, పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి నీళ్ళలో దిగి, చదును పెంకులు ఏరి ఏటి మీద విసురుతున్నాడు, చిన్నప్పుడు విసిరినట్టే. ఒక పెంకు నీళ్ళ మీద నాలుగు గెంతులు వేసింది. అన్నయ్య రెండు చేతులూ పైకెత్తి తనలో తనే గంతేసేడు. నాకు కిటికీలోంచి అన్నయ్యా అని అరవాలనిపించింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇదీ నేను చేసిన అమర్యాద. ఎవరికోసమో వెళ్ళేనంటే నమ్ముతారు గాని ఊరికే వెళ్ళేనంటే నమ్మరని అబద్ధాలాడేను. ఇంక ఆడను. ఈ ఉత్తరం అన్నయ్యకి ఇవ్వు. అక్షరం కప్పకు, ఏ కాగితమూ దీనిమీద అంటించకు. ఆయన నమ్మకపోతే రెండో తేదీకి పెట్టె సర్దుకుని సిద్ధంగా ఉంటాను.

కమలాంబ


కోరాపుట్
27-11-1956

కమలత్తకి,

నిన్న సాయంత్రం ఇచ్చాను. నిలబడి చదవడం మొదలుపెట్టి, సగంలో కుర్చీ లాక్కున్నారు. తరవాత లేచి పెట్టెలోంచి రైలు వేళల పుస్తకం తీశారు. డైరీ తీశారు. "పన్నెండుకి గున్నయ్య వెళ్ళేటప్పటికి బండి వెళ్ళిపోయింది, సరే. రెండింటికి తిరుగు బండి, సరే. నాలుగున్నరకి మనం ఇంటికి వచ్చేసరికి తలుపు తీసి ఉంది, సరే" అని ఒక్కొక్కదానికీ టిక్కు పెడుతున్నారు. "ఇవన్నీ వేళల పుస్తకం చూసి ఎవరైనా రాయగలరు" అన్నారు.

మళ్ళీ ఉత్తరం అందుకుని చివరి పేజీ చదివారు. ఈసారి తల ఎత్తలేదు. మఫ్లరు విప్పి మళ్ళీ చుట్టుకున్నారు. ఆగలేక నేనే అమ్మకి వినిపించాను. అమ్మ గుమ్మంలో చేట పట్టుకుని నిలబడిపోయింది.

"అయితే మీరు ఏట్లో దిగారా? అంత జలుబు ఎక్కడ పట్టుకొచ్చారో అని నాలుగు రోజులు మిరియాల కషాయం కాచాను! రాయగడ నీళ్ళు పడలేదన్నారే?"

నాన్నగారు వేళల పుస్తకం పేజీలు తిప్పారు.

"గంతేశారా?" అంది అమ్మ.

"నువ్వు లోపలికెళ్ళు."

అమ్మ వెళ్ళలేదు. నేనూ కదలలేదు. ఆయన నీ ఉత్తరం ముందుకు లాక్కున్నారు. పెన్సిలు తీసి, నువ్వు "నాలుగు గెంతులు" అని రాసినచోట నాలుగు కొట్టేసి పైన ఏదో దిద్దారు.

"నాలుగు కాదు, అయిదు" అన్నారు. "బండి మలుపు తిరిగిపోయి ఉంటుంది. అయిదోది దానికి కనబడలేదు."

తరవాత బీరువా తెరిచి పుస్తకం నా ముందు పెట్టారు. రాసింది చెరపడానికి వీల్లేదట, సవరణ రాయాలట. ఆయన చెబుతుంటే రాశాను: "మూత కింద నేను వ్రాసినది కేవలం నా ఊహ. దానికి ఆధారము లేదు. ఆ దినమున మా అత్త రైలు ప్రయాణము చేసిరి." సంతకం పెట్టాను. ఎందుకోసం ప్రయాణం అని రాయమంటారోనని చూశాను. అడగలేదు. కింద అ.ప. అని పెట్టి, సాలూరుకి రాసి పెట్టుకున్న ఉత్తరం నాలుగు ముక్కలు చేసి నా చేతిలో పెట్టి, "వెనక తెల్లగానే ఉంది, నీ జిగురు పనికి వాడుకో" అన్నారు.

క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. అడుగుతున్నాను.

అమ్మణ్ణి


రాయగడ
2-12-1956

చి. అమ్మణ్ణికి ఆశీస్సులు.

అన్నయ్య వస్తానన్న రోజు ఇవాళ. మనిషికి బదులు కార్డు వచ్చింది. "సాలూరు వారికి నీవు రావని వ్రాసితిని. ఇకమీదట వెళ్ళేటప్పుడు గొడుగు పట్టుకెళ్ళు. ఎటువైపు కిటికీ దగ్గర కూర్చున్నావో తెలియజేయుము." అంతే ఉంది. నాలుగుసార్లు చదివేను. బుల్లమ్మ, "ఏటమ్మగోరూ, అలా నవ్వుతున్నారు, లాటరీ తగిలిందేటి?" అంది. ఏటి వైపు కిటికీ అని ఆయనకి వేరే రాసేను.

నువ్వు క్షమించమన్నావు. పిల్లవి, తోచక చేసేవు. నా పక్షాన నిలబడతానన్న మాట కూడా నేను మరిచిపోలేదు. కాని నా పక్షం ఏదో నన్ను అడక్కుండానే నువ్వు నిర్ణయించేసేవు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పుస్తకం పూర్తి చెయ్యి. సంక్రాంతికి కాకపోతే వేసవికి తీసుకురా, చూస్తాను. మైలుతుత్తం మరిచిపోకు.

నేను మళ్ళీ రైలెక్కుతాను. ఈసారి అటు కాదు, ఇటు, పార్వతీపురం దాకా. మీ బాబాయితో చెప్పే వెళ్తాను. ఏ రోజు వెళ్తానో మాత్రం నీకు రాయను.

ఆశీస్సులతో
కమలత్త